గడియ పెట్టకు

పూర్ణా మార్కెట్ వెనక సందులో నా సెల్ రిపేరు కొట్టు.
బోటు సరంగు సూరాడ ఎల్లాజీ
అగ్గిపెట్టంత ప్లేయరు బల్ల మీద పెట్టాడు.
"లైబ్రరీ పుస్తకం. ఫోన్లో మాటాడతాది. దీన్లోకి దించీ.
రేవుదాటితే ఫోను ఉప్పుగాలికి సచ్చిపోద్ది."

కేబులు పెట్టాను, రాలేదు.
ఫైలు పేరు మార్చాను, రాలేదు.
లోపల తాళం ఉంది.
పద్నాలుగో రోజుకి పుస్తకం తనంతట తనే వెళ్లిపోతుంది.
వీళ్ల ఏట ఇరవై రోజులు.
"సగంలో ఆగిపోతే ఏడుగురం ఏటి సేస్తాం, సెప్పు?"

ప్లేయరుకి సూదిమొనంత చెవి కూడా ఉంది.
సరే, ఫోను మాట్లాడుతుంది, ఇది వింటుంది.
తొమ్మిది గంటల కథ, తొందరపెట్టడానికి లేదు.
షట్టరు దించి, ఫ్యాను ఆపి
రెండు రాత్రులు చెమటలో కూర్చున్నాను,
ఇది దొంగతనమో
ఎరువు పుస్తకంలోంచి నోట్సు రాసుకోవడమో తేలక.

పదో తరగతి తరవాత నేను చివరిదాకా విన్న పుస్తకం ఇదొక్కటే.
లెక్క తప్పిన ఉప్పుకొఠారు గుమాస్తా
భార్యకి చెప్పకుండా రాత్రికి రాత్రి ఊరు దాటతాడు.

ఇరవై మూడో రోజు వచ్చాడు ఎల్లాజీ
ఒళ్లంతా ఐసుపెట్టె వాసన, కాగితంలో రెండు వంజరాలు.
"ఎనిమిదో భాగంలో తుమ్మెదొకటి గుర్రుమని ఆగినాక
ఒకడు గుసగుసగా అంటాడు సూడు,
*వస్తన్నా, గడియ పెట్టకు* అని.
ఎవుడాడు? గుమాస్తాయేనా?
మావోళ్లు ఔనన్నారు. వంటోడొక్కడే కాదన్నాడు.
ఎనక్కి తిప్పీ తిప్పీ బొత్తాం అరిగిపోనాది."

పదకొండున్నరకి బల్ల మీద వణికిన నా ఫోను.
అటు నూకరత్నం.
పుస్తకం నోరు నొక్కాను గానీ
ఈ చెవి సంగతి మరిచాను.

చూద్దామంటే పుస్తకం లేదు. గడువు తీరిపోయింది.
అట్టబొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు గడి.
గుమాస్తా అసలు రాడు. ఆఖరి వాక్యం దాకా రాడు.

"ఆడే," అన్నాను.

"నాను సెప్పలేదేటి!" అన్నాడు ఎల్లాజీ,
సందులో ఆ వంటోడు నిలబడి ఉన్నట్టు వెనక్కి తిరిగి.

కొత్త బొత్తాం వేసి ఇచ్చాను.
వంజరాలు సంచిలో వేసుకుని
పెందరాళే షట్టరు దించాను.

ఇంటి తలుపుకి గడియ పెట్టే ఉంది.
తట్టాను.