మునెమ్మ బండి మీద రెండు టిక్కులు

శుక్రవారం సాయంత్రం దాకా
ఒక్క బటన్ మూల గురించే మాట్లాడుకున్నాం,
ఎనిమిది పిక్సెళ్ళ వంపా, పన్నెండా అని.
మూడు మీటింగులు, పదకొండు మంది.
చివరికి పది అన్నారు.
బ్యాగు సర్దుకుంటుంటే క్లయింటు మళ్ళీ ఫోన్:
లోగో రవ్వంత పెద్దగా ఉంటే బాగుంటుందట.

మత్తికెరెలో నా గది, మూడో అంతస్తు.
బియ్యం డబ్బా మీద రంగు సీసాలు,
కందిపప్పు ఉండాల్సిన చోట కుంచెలు.
ఫోన్లో మనుషుల ఫొటోలు తక్కువ.
లారీల వెనక పలకలు, మూతపడ్డ టైలరు షాపు తలుపు,
యశ్వంతపురలో ఉల్లిపాయల మండీ బోర్డు.
అందులో కన్నడమో తెలుగో తేలని ఒక "ళ"
వానకి సగం కారిపోయి కూడా
నడుం వంచుకుని నిలబడి ఉంటుంది.
దానికోసం రెండుసార్లు మధ్యలో బస్సు దిగాను.

ఆదివారం పొద్దున ఏడుకి
సిద్దలింగప్పగారి షెడ్డు.
ఒకప్పుడు ఈ పేటలో సగం గోడలు ఆయన చేతిరాతేనంట.
ఫ్లెక్సులొచ్చాక నంబరు ప్లేట్లు మిగిలాయి,
తర్వాత అవీ లేవు.
ఇప్పుడు మేం తొమ్మిది మందిమి ఉన్నాం:
ఒక బస్సు కండక్టరు, పళ్ళ డాక్టరు ప్రఫుల్ల,
పీయూసీ తప్పిన జబీవుల్లా,
ఎవరితోనూ మాట్లాడని ఒక బ్యాంకాయన...
ఫీజు లేదు. కాఫీ వంతులవారీగా.
నేర్చుకున్నందుకు బదులు
వీధిలో ఎవరి బండికైనా పేరు రాసిపెట్టాలి, అంతే.

మొదటి నెలంతా నిలువు గీతలే.
గీత వంకరపోయిన ప్రతిసారీ
నా ఎడమచేతి రెండు వేళ్ళు
గాల్లో కంట్రోల్ జెడ్ నొక్కేవి.
ఆయన చూశారు. నవ్వలేదు.
కిరోసిన్ గుడ్డ ఒడిలో పడేసి
"సుమ్మనె బరి" అన్నారు.
ఊరికే రాయి.

ఈ వారం నా వంతు.
మునెమ్మ ఇడ్లీ బండి.
కుప్పం పక్కన ఏదో పల్లె ఆమెది;
బేరం కన్నడంలో, కోపం తెలుగులో.
ఏ లిపిలో రాయమంటావని అడిగితే
గరిటె ఆపి నావైపు చూసింది.
"నాకు రెండూ రావు గదమ్మా, నువ్వే చెప్పు."

ఎడమ రేకు మీద కన్నడంలో ఆయన,
కుడి రేకు మీద తెలుగులో నేను.
ము, నె, మ్మ.
ఒళ్ళు ఒక్కటే అక్కచెల్లెళ్ళకి,
తల దువ్వుకోవడమే వేరు.
ఆయన గీత అడ్డంగా సాగి కొసన ముడిపడింది.
నాది చురుగ్గా పైకి లేచింది,
తలకట్టు,
చూస్తే అచ్చం టిక్కు మార్కు.
"ము" మీద ఒకటి, "మ్మ" మీద ఒకటి.
"నె" కి ఎత్వం వచ్చి ఆ టిక్కు ఊడిపోయింది.

ఆరేళ్ళ ఉద్యోగంలో నా పని మీద
మారుమాట లేకుండా ఒక్కరూ టిక్కు పెట్టలేదు.
ఇక్కడ నేనే పెట్టుకుంటున్నాను,
ఎర్ర ఎనామెల్‌తో, ఊపిరి బిగబట్టి.

రెండోది కాస్త ఎక్కువే లేచింది.
వేళ్ళు గాల్లోకి వెళ్ళాయి,
గుడ్డ దాకా మాత్రం వెళ్ళలేదు.

మునెమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.
అటు ఒకసారి, ఇటు ఒకసారి తిరిగి చూసింది.
ఏది ఏ భాషో అడగలేదు.
తాకబోయి, తడి గుర్తొచ్చి ఆగి,
జానెడు దూరం నుంచే
ఆ వంపుల వెంట వేలు తిప్పింది
మొదటి టిక్కు నుంచి రెండో టిక్కు దాకా.
"శానా బాగుండాది" అంది.
ఇంకోసారి చూసి,
"రవ్వంత పెద్దగా రాసుంటే..."

సిద్దలింగప్పగారు దగ్గు వచ్చేదాకా నవ్వారు.

తొమ్మిది ప్లేట్లలో ఇడ్లీలొచ్చాయి, డబ్బులు వద్దంది.
నా ప్లేటు అంచు మీద ఎర్రటి వేలిముద్ర.
బ్యాంకాయన మొదటిసారి నోరు విప్పి
ఇంకాస్త చట్నీ అడిగాడు.