మార్కుల పట్టీ

వెలగలేరు దగ్గర పొద్దున్నే బుడమేట్లో దిగాం.
మోకాలి లోతు. రాళ్ళ మీద జారుడు.
షాహీన్ వల పట్టుకుంది, నేను ఎగువన నిలబడి
మడమలతో అడుగు గెలికాను,
మా నాయన మట్టగిడసల కోసం గెలికినట్టే.

తెల్ల ట్రేలో కుమ్మరిస్తే ముందు ఏమీ లేదు.
ఆకు ముక్క, ఇసుక, ఒక అగ్గిపుల్ల.
"ఆగమ్మా, నీళ్ళు తేరుకోనీ."
తేరుకున్నాక ఇసుక నడిచింది.
రేణువు రేణువూ అతికించి కుట్టుకున్న చొక్కాలోంచి
ఓ పురుగు తల బయటపెట్టి మమ్మల్ని చూసింది.
పక్కనే మూడు తోకల మేఫ్లై పిల్ల,
పొట్టకి రెండు వైపులా మొప్పలు ఆడిస్తూ.
"పదికి పది, ఏసోబు బాబాయ్!"
రాశాను.

ముప్ఫై ఒక్కేళ్ళు జువాలజీ ల్యాబు అటెండర్ని.
మైనం పళ్ళేల్లో కప్పలకి గుండుసూదులు గుచ్చిచ్చాను,
ఫార్మలిన్ మార్చాను, సీసాలకి చీటీలంటించాను.
కదిలేదానికి మార్కులేయడం ఇదే మొదలు.

సీసాలో పట్టుకెళ్ళిన నీళ్ళు
ఇవాళ్టి మాటే చెప్తాయంటారు మేడం.
పురుగుది ఇక్కడే కాపురం.
పోయిన నెల రాత్రిపూట ఎవడో తెరిచిన తూముకి
అది లేకపోవడమే సాక్ష్యం.

మధ్యాహ్నం సింగ్‌నగర్ వంతెన కింద
వల బరువుగా లేచింది.
కవర్లు, షాంపూ ప్యాకెట్లు, ఎవరో పసిదాని కాలి పట్టీ.
బురద కడిగితే ఎర్రటి దారప్పోగులు, మెలికలు తిరుగుతూ.
ఊపిరాడని చోట
ఉన్న కాస్త గాలినీ నెత్తుట్లో దాచుకుంటాయట.
ఎదురు గోడ మీద వరద గీత
నా ఛాతీ ఎత్తున, ఇంకా చెరగలేదు.
రెండు మార్కులు.

గట్టు మీద గిన్నెలు తోముతున్నావిడ అడిగింది,
"ఏం బాబాయ్, మా ఏరు పాసా, ఫెయిలా?"
"ఇంకా దిద్దుతున్నామమ్మా."

సర్దుకుంటుంటే వల మూలన
ఒక కాలు తెగిన తూనీగ పిల్ల.
ఇక్కడే పుట్టిందా?
పొద్దుటి తడిలో చిక్కుకుని
మాతోపాటు ఆటోలో వచ్చిందా?
"వేస్తే సగటు పెరుగుద్ది బాబాయ్" అంది షాహీన్.
కాసేపాగి, "అబద్ధమైతే?" అని తనే అంది.

పట్టకారు పక్కనపెట్టి
దోసిట్లో తీసుకెళ్ళి గుర్రపుడెక్క వేళ్ళ దగ్గర వదిలాను.
పట్టీలో దాని అంకె మాత్రం
పెన్సిలుతో రాశాను.
వచ్చే నెల మళ్ళీ రావాలి,
రబ్బరు ఒకటి కొనుక్కుని.