ముగ్గురు, లేదా అంతకు మించి

సాల్ట్ లేక్ సిటీ. శాసనసభ, రెండో అంతస్తు.
నా పని చిన్నది,
మాట్లాడేవాళ్ల ముందు దీపం మార్చడం.
పచ్చ వెలిగితే మొదలుపెట్టాలి,
పసుపు వస్తే సర్దుకోవాలి,
ఎరుపంటే ఇక చాలు.
మనిషికి రెండు నిమిషాలు.
బిడ్డ పోయినవాళ్లకూ అంతే.

లోసలీనె వైనుకు వచ్చింది,
రాత్రంతా హోటల్లో దుప్పట్లు మడిచిన చేతులతో.
నడుముకి చిరుగుల చాప చుట్టుకుంది.
టోంగా వాళ్లు దుఃఖాన్ని అలా కట్టుకుంటారట.
గుమ్మం దగ్గర కాపలా అతను
దాన్ని రెండుసార్లు తడిమి పంపాడు.

పచ్చ.

"నా పెద్దవాణ్ని పెట్రోల్ బంకు దగ్గర కాల్చారు.
చట్టం కావాలి. పదునుగా కావాలి.
మొండికత్తి ఇస్తామంటే నేనొప్పుకోను."
ముందు వరసలో తలలూగాయి.
బిల్లు పెట్టినాయన గ్లాసు అందుకుని
రెండు గుక్కలు తాగాడు, తృప్తిగా.

"అయ్యా, మూడో పేజీ చదివించుకున్నాను.
ముగ్గురు, లేదా అంతకు మించి.
ఒకే పేరు, ఒకే రంగు, ఒకే గుర్తు.
మా చర్చిలో పాడేవాళ్లమే పదకొండు మందిమి.
వాడి పెట్టె వెనక నడిచినవాళ్లం నూట నలభై,
అందరం నలుపే.
చిన్నవాడు ఫోలౌ అన్న చొక్కా వదలడు,
ఉతకనివ్వడు.
నీలం చొక్కా.
వాడి పేరు జాబితాకెక్కిందని
మొన్న ఉత్తరం వచ్చింది."

పసుపు.

"కాల్చినవాడి పేరు కూడా నాకు తెలుసు.
మా వంటింట్లో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి
వాడికి జుట్టు కత్తిరించినదాన్ని.
వాడు ఏ జాబితాలోనూ లేడు.
పట్టుకోండి వాణ్ని.
పట్టుకున్నాక, వాడి తమ్ముణ్ని..."

ఎరుపు.

నా వేలే. ఇంకెవరిదో కాదు.
అధ్యక్షుడు థాంక్యూ అన్నాడు.
ఆమె నోరు ఇంకా తెరిచే ఉంది.
ఓటుకి చేతులు లేచాయి:
ఏడుగురు ఔనన్నారు, ఇద్దరు కాదన్నారు,
తొమ్మిది కాలర్ల మీదా
ఒకే తేనెతుట్టె బిళ్ళ.

బయట మంచు. బస్టాపులో కనబడితే అడిగాను,
"వాడి తమ్ముణ్ని ఏం చేయమంటావమ్మా?"
బస్సు రానే వచ్చింది.
చాప పైకి ఎగదోసుకుని మెట్టెక్కుతూ
"నీ చేతిలో ఆ గుండీ తప్ప ఏముంది నాయనా" అంది.

సాయంత్రం రికార్డు టైపు చేశాను.
'తమ్ముణ్ని' దగ్గర ఆగి, చుక్కలు పెట్టాను.
మూడు పెట్టాలని నిబంధన.
ఇంకొన్ని పెట్టి, చెరిపి,
మళ్లీ పెట్టాను.