నడవాలో నలభై నిమిషాలు

త్రీను వఖ్త్రా మా మంత్రిత్వ శాఖలో చేరిన రోజు
ఒక బూట్ల పెట్టె తెచ్చింది.
అందులో పదమూడు రసీదులు,
పదమూడు కంపెనీల్లో వాటాలు అమ్మేసుకున్నట్టు.
రికార్డు గదిలో ఇరవై ఆరేళ్ల నుంచీ ఉన్నదాన్ని,
లెక్కపెట్టి ముద్ర వేసింది నేనే.
పన్నెండో కాగితం ఇవ్వబోతూ ఆమె చెయ్యి ఆగింది.
"నలుగురు కుర్రాళ్లు, ఒక గరాజు,
హీటరు కూడా ఉండేది కాదు" అంది.
నేను పదమూడోది అడిగాను.

బయట టాలిన్ వీధుల్లో మంచు బురదవుతోంది.

మావాళ్లు చెవులు కొరుక్కున్నారు.
డబ్బు డబ్బును కనే చోటు నుంచి వచ్చింది,
నెల జీతం మీద ఎన్నాళ్లుంటుంది?
ఒకాయన కంచె, చేను సామెత కూడా ఎత్తాడు.
మధ్యాహ్నం కంచె డబ్బా విప్పితే
ఉడికించిన గుడ్డు, నల్లటి రై రొట్టె.

మార్చిలో మొదటి టెండరు.
నాలుగో అంశం చదవగానే ఆమె లేచింది.
"వీళ్లకు మొదటి పెట్టుబడి పెట్టింది నేనే,
నేనిక్కడ ఉండకూడదు."
తలుపు చప్పుడు కాకుండా మూసి
నడవాలో నా బెంచీ మీద, నా పక్కన.
నలభై నిమిషాలు.
ఆ తర్వాత అదొక అలవాటైంది:
సగం దేశం ఆమెకు పాత బాకీ.
ఆమె లేచి వెళ్లిన సంగతి మినిట్స్‌లో ఉంటుంది,
ఎక్కడ కూర్చుందో ఉండదు.

ఓసారి గుడ్డు పెంకు ఒలుస్తూ చెప్పింది:
పది విత్తితే తొమ్మిది కుళ్లిపోవచ్చు,
పదోది ఆ తొమ్మిదింటి అప్పూ తీర్చాలి,
మా పాత వ్యవసాయం అంతే.
మరి ఆ తొమ్మిదీ?
చాలాసేపు పెంకే చూసింది.
"మెయిల్ రాస్తాం. చాలా మర్యాదగా."

నవంబరులో కుల్లాసార్ దస్త్రం వచ్చింది.
చలికాలపు పడవ. దీవిలో పదకొండు మంది,
వాళ్లలో ఇద్దరు బడిపిల్లలు, ఒక లైట్‌హౌస్ మెకానిక్.
గొర్రెలు లెక్కలో లేవు.
టికెట్టుకు నూట నలభై యూరోల నష్టం.
ఆపేయమని ఆర్థిక శాఖ.
ఆ రోజు లేచి రావడానికి ఆమెకు కారణం లేదు,
ఆ పడవలో ఆమెకు వాటా లేదు.
తలుపు మూసుకుంది.
బెంచీ మీద నేనొక్కదాన్నే,
రెండు కాఫీలు చల్లారబెట్టుకుంటూ.

దస్త్రం నా దగ్గరికి తిరిగొచ్చాక తెరిచాను,
తెరవకూడదు, తెరిచాను.
అంచు మీద పెన్సిలుతో పాత చేతివాటం:
ఎంత పెడితే ఎన్ని రెట్లు, ఎన్నేళ్లకు.
మూడు వరసలు గీసి, కొట్టేసి,
కింద సిరాతో ఒక్క మాట:
నడవాలి.

అంతటితో ఆపేస్తే ఆమె దేవత అయిపోతుంది.
అదే సాయంత్రం అదే పెన్నుతో
పడవ ఖర్చుకు మూడు తపాలా ఆఫీసులు మూసింది.
మూడు ఊళ్లకూ తనే వెళ్లింది.
మెయిల్ రాయలేదు.
రెండో ఊళ్లో ఎవరూ కాఫీ ఇవ్వలేదట,
మూడో ఊళ్లో ఒకావిడ
తూకపురాళ్లన్నీ తెచ్చి ఆమె ముందు పెట్టి,
ఏమీ అనకుండా వెళ్లిపోయిందట.
అది చెప్పినప్పుడు గుడ్డు తినలేదు.

ప్రభుత్వం రెండున్నరేళ్లకే పడిపోయింది.
పెట్టుబడుల ప్రపంచం నుంచి వచ్చి
పదింతలు చేసిందేమీ లేదని పత్రికలు రాశాయి.
నిజమే. పదకొండు మంది పదకొండు మందే ఉన్నారు.
కాదు, పన్నెండు. మెకానిక్‌కు కూతురు పుట్టింది.

ఇప్పుడొచ్చిన పెద్దమనిషి బూట్ల పెట్టె తేలేదు.
ఎందులోనూ వాటా లేదని ఒక్క వాక్యం రాసిచ్చాడు.
ఏ అంశానికీ లేవడు.
సమావేశాలు తొందరగా అయిపోతున్నాయి.

బెంచీ చెక్కల సందులో నిన్న
గుడ్డు పెంకు ముక్క ఒకటి దొరికింది.
ఏ దస్త్రంలో పెట్టాలో తెలియక
చేతిలోనే ఉంచుకున్నాను.