మూసిన కళ్లు

చూళైమేడు సందులో రాత్రి పదకొండు.
పెళ్లి ఆల్బమ్ దిద్దుతున్నాం.

కొత్త కెమెరా కంటిని దానంతటదే పట్టేస్తుంది.
ముప్పయ్యేళ్లు ఫోకస్ తిప్పిన నా వేళ్లకి
ఇప్పుడు పెద్దగా పనిలేదు.
కోపమేం లేదు. బరువు తక్కువ,
మెడనొప్పి తగ్గింది.

"అన్నా, ఈ అవ్వ కళ్లు మూసేసింది"
అన్నాడు ఇనియన్. ఒక్క నొక్కు.
అవ్వ కళ్లు తెరిచింది,
తడిమెరుపుతో సహా.

అక్షింతలు పట్టుకుని
ఆవిడ ఎవరినో తలుచుకోవడం
నేను చూశాను.
పక్కన ఖాళీ కుర్చీ, కుర్చీలో
మడిచిన కండువా.

"ఎవరి కళ్లురా ఇవి?"
వాడు తెర వంక చూశాడు, నా వంక చూశాడు.

పెళ్లివారికి రెండూ పంపాను.
తెరిచిందే వేయమన్నారు.
వేశాను.
కుర్చీ కూడా చెరపమన్నారు.

ఇనియన్ ఇంటికెళ్లిపోయాడు.
మౌస్ మీద చెయ్యి పెట్టుకుని
ఇంకా కూర్చునే ఉన్నాను.