ఊదా నీళ్ళు

గరివిడి దాటాక, మూతపడ్డ షెడ్డు వెనక
పదకొండో బోరు దగ్గర
డ్రమ్ములో ఊదా గుండ కలుపుతున్నాను.
రెండు జతల తొడుగులు వేసుకున్నా
గోళ్ళ అంచుల్లో గోధుమ మచ్చ.
అన్నం కలుపుకుంటుంటే
అమ్మ చూడనట్టు తల తిప్పుకుంటుంది.

కంచె అవతల దాలమ్మ
మేక తాడు ముంజేతికి చుట్టుకుని:
"ఏటే గుంటా, నేరేడుపళ్ళ రసమా?"
"మందు మామ్మా. భూమికి."
"మరిడొచ్చిన ఏడు ఇదే మందు మా నూతిలో ఏసినారు.
మూడ్రోజులు ఎర్రనీళ్ళే.
బతికినోళ్ళం బతికినాం."

ఈ జబ్బు అలా పైకి కనబడేది కాదు.
ఇరవై ఏళ్ళు ఇనప సామాను జిడ్డు కడిగి
వాడేసిన ద్రావకాన్ని గోడ వార గోతిలో పారబోశారు.
అది నీళ్ళకన్నా బరువు.
నూనెలా తేలి దొరికిపోదు.
ఇసక దాటి, గులకరాళ్ళు దాటి
బంకమన్ను మీద చాప పరుచుకుని పడుకుంది.
దాన్ని రాసుకుంటూ నడిచిన నీళ్ళే
నూతుల్లోకి వచ్చాయి,
కాస్త తియ్యటి వాసనతో.
తియ్యనీళ్ళు పడ్డాయని ముందు సంబరపడ్డారట.

పంపు వేశాను. ముల్లు రెండు దగ్గర వణుకుతోంది.
ఊదా రంగు గొట్టంలోంచి కిందకి,
నేనెప్పుడూ చూడని చీకట్లోకి.

మా తాత తవుడు
ఇక్కడికి మూడు మైళ్ళలో
మాంగనీసు గనిలో తట్ట మోశాడు.
దగ్గితే తువ్వాలు నల్లబడేది.
రాయి రైలెక్కి రేవుకి పోయేది.
తాత ఏ రైలూ ఎక్కలేదు.
ఆ రాయినే పొడిచేసి, పొటాషుతో కాల్చి
ఈ గుండ చేస్తారు.
కింద విషాన్ని విరిచాక
ఊదా రంగు చచ్చిపోయి
నల్లటి మసై రాళ్ళ సందుల్లో కూర్చుంటుంది.
అంటే, తాత తవ్వి తీసినదాన్ని
నేను నీళ్ళలో కలిపి
మళ్ళీ లోపల పెడుతున్నాను.
కూలి మాత్రం ఆయనకన్నా నయం.

నెల పోయాక శాంపిళ్ళు తీశాం.
పదకొండులో దాదాపు సున్నా.
ఆరులో మళ్ళీ లేచింది.
బంకమన్ను దాచుకున్నది
కొద్దికొద్దిగా వదులుతోందని రిపోర్టులో రాశాను.
దాలమ్మతో అంత మాట అనలేకపోయాను.

"ఎప్పుడు తాగొచ్చే?"
"ఇంకా లేదు మామ్మా."
"ఇంకా అంటే?"
గేజి తుడుస్తూ ఉండిపోయాను.
"పోనీ, మేకకి?"

మేక అప్పటికే
కంచె కింద నుంచి తల దూర్చి
నా బకెట్టు వాసన చూసి,
ఒక్క తుమ్ము తుమ్మి
వెనక్కి తిరిగింది.