పట్టుబడి అయ్యాక

లేసు లెక్కల పుస్తకం చివరి పేజీలో
సముద్రాన్ని రాసుకుంటున్నాను.
రెండు తువ్వాళ్ళు. ఒక పాత దుప్పటి.
అభిషిక్త్‌కి మూడు జతలు, కాదు, నాలుగు.
పులిహోర వద్దు, ఇసక పడితే తెలీదు.
ఇడ్లీలు. ఉడకబెట్టిన గుడ్లు.
ఒక ఉల్లిపాయ,
తినడానికి కాదు, జేబులో పెట్టడానికి,
వడదెబ్బ దానికి తగిలి పోతుందని మా అమ్మ.

ఒంటిపూట బడులు పెట్టేశారు.
సుహాసిని పన్నెండున్నరకి సంచి గడప మీద పడేసి
"ఇవాళేనా?" అంటుంది.
ఇవాళ కాదమ్మా, చెరువు పట్టాక.
మా ఇంట్లో సెలవు క్యాలెండర్‌లో ఉండదు,
రొయ్య ఒంట్లో ఉంటుంది.
అది కిలోకి నలభై తూగేదాకా
దేవదానం గట్టు మీద రేకుల షెడ్డులోనే పడుకోవాలి.
కరెంటు పోతే లేచి జనరేటర్ వేయాలి,
నీళ్ళకి ఊపిరాడాలి.

ఎంత దూరమని!
సాయంత్రం గాలి అటునుంచే వస్తుంది,
కిటికీ బందులు తుప్పు పట్టి రాలిపోతాయి.
ఉప్పు మా బోరులోకి వచ్చేసింది గానీ
మేమే సముద్రంలోకి వెళ్ళలేదు.

అంతర్వేది అనుకున్నాను ముందు.
మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కాలి,
మోటారుసైకిళ్ళ సందులో మూడేళ్ళవాణ్ణి
ఏ చేత్తో పట్టుకోను, సంచి ఏ చేత్తో?
కొట్టేశాను.
పేరుపాలెం. నర్సాపురం దాకా బస్సు, అక్కణ్ణుంచి ఆటో.
ఏడుకల్లా చేరాలి, పది దాటితే ఇసక కాలుతుంది.
అప్పుడు సరుగుడు తోటలోకి.
మోకాళ్ళు దాటి లోపలికి ఎవరూ పోకూడదు,
ఇది రెండు గీతలు కొట్టి రాశాను.

పేజీ మూలన చిన్నగా
పదకొండు నుంచి ఒంటిగంట.
అభిషిక్త్ నిద్రపోయే వేళ.
ఎవరికీ చెప్పలేదు గానీ ఆ రెండు గంటలూ నావి.
క్రోషా సూది తీసుకెళ్ళను.
చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చుంటాను,
అలా కూర్చోవడం చేతులకి వచ్చో రాదో.

మంగళవారం రాత్రి ఫోన్. తెల్లమచ్చ.
తెల్లారేసరికి వలలు దిగాయి,
వంద కౌంటు కూడా నిండని పిల్లల్ని
ఐసులో పోసి లారీ ఎక్కించారు.
బోనస్ మాట ఎవరూ ఎత్తలేదు.
పట్టపగలు ఇంటికొచ్చిన మనిషిని చూసి
అభిషిక్త్ నా వెనక దాక్కున్నాడు.

సెలవైతే వచ్చింది,
మేం పిలిచిన దారిన రాలేదు.

పేజీ చింపేద్దామని పుస్తకం తీస్తే
అప్పటికే ఆయన చేతిలో ఉంది.
చాలాసేపు చదివాడు, మందుల చీటీ చదివినట్టు.
"ఆటో వద్దు, నాగార్జున బండి అడుగుతాను" అన్నాడు.
"గుడ్లు ఆరు చాలు" అన్నాడు.
సుహాసిని ఆయన మోకాలెక్కి కూర్చుంది.

"నాన్నా, సముద్రానికి గట్టు ఎటుంటుంది?"
మనం నిలబడేవైపు ఒకటే.
"మరి అవతల?"
లేదు.
"నీళ్ళు పోవా?"
పోతాయి, మళ్ళీ వస్తాయి.
"నురగొస్తుందంటగా, ఏరేటర్లు ఎన్నున్నాయి?"
ఆయన మూడు రోజుల తర్వాత మొదటిసారి నవ్వాడు.
"లెక్కలేనన్ని. కరెంటు పోయినా ఆగవు."
"రాత్రి ఎవరు కాస్తారు?"
"ఎవరూ కాయక్కర్లేదే తల్లీ."
అని అక్కడే ఆగిపోయాడు కాసేపు.

తర్వాత వేలు పేజీ మూలకి వచ్చింది.
"ఈ పదకొండు నుంచి ఒంటిగంట ఏంటి?"
అభిగాడి నిద్ర, అన్నాను.
"అయితే నేనూ పడుకుంటాను వాడి పక్కన."

పడుకో.
ఏడు నెలల నిద్ర బాకీ ఉంది నీకు.
సుహాసినికి బకెట్టు ఇచ్చి
నేను కూర్చుంటాను ఆ ఒక్క గట్టు మీద.

బకెట్టు. రాయడం మర్చిపోయాను.
జతలు ఐదు.